43 డిగ్రీల ఎండలో మా బ్యాండ్

ఈ బ్యాండ్‌ని ఎదురుగా నిలబడి వినాలన్నది నా కాలేజీ రోజుల నాటి కోరిక. తమ్ముడికి వీళ్ల పాటలు అలవాటు చేసింది నేనే, ఇప్పుడు వాడు నాకంటే పెద్ద అభిమాని. టికెట్లు దొరికిన రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు. షో దగ్గరపడే కొద్దీ వాతావరణం చూసుకోవడమే పనైంది. 41 అన్నారు, 42 అన్నారు, తీరా షో రోజున 43. మైదానం పూర్తిగా ఆరుబయలు. స్టేజీకి, సౌండ్ వాళ్ల టెంటుకి తప్ప ఇంక దేనికీ పైకప్పు లేదు.

మానేద్దామని మాత్రం ఇద్దరిలో ఎవరమూ అనలేదు. పేచీ వచ్చిందల్లా ఎక్కడ నిలబడాలన్న దాని మీదే. వాడికి బ్యారికేడ్ కావాలి. గేట్లు తెరవగానే పరుగెత్తి ముందు వరుస పట్టుకుని, బ్యాండ్ వచ్చేదాకా అక్కడి నుంచి కదలకూడదని వాడి ప్లాన్. నాకేమో మిక్సింగ్ డెస్క్ పక్కన చోటు కావాలి.

"ఇన్నేళ్లు ఆగింది వెనకాల నిలబడడానికా అక్కా? గిటారిస్టు వేళ్లు కనబడాలి నాకు."

"వేళ్లు స్క్రీన్ మీద చూద్దువుగాని రా. మనం వినడానికి వచ్చాం."

నా పంతానికి కారణాలున్నాయి. షో మొత్తాన్నీ మిక్స్ చేసే ఇంజనీర్ డెస్క్ దగ్గర కూర్చుని, తన చెవికి ఏది వినబడుతుందో దాన్ని బట్టే డ్రమ్స్, బేస్, గొంతు అన్నీ సరిచేస్తాడు. ఆయన పక్కన నిలబడితే ఆయన విన్నదే మనమూ వింటాం. బ్యారికేడ్ దగ్గర అలా కాదు. పైన వేలాడదీసిన పెద్ద స్పీకర్ల శబ్దం చాలావరకు తల మీదుగా వెనక్కి వెళ్లిపోతుంది. కింద పెట్టిన సబ్‌వూఫర్లు, అంటే లోతైన దడదడ శబ్దాల స్పీకర్లు, గుండెల్లో గుద్దుతుంటాయి, పాటలో మాటలు సరిగా తెలియవు.

ఇక రెండో కారణం ఎండ. మన చర్మం సుమారు 35 డిగ్రీలుంటుంది. బయటి గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపూ ఒంట్లో వేడి గాల్లోకి పోతుంది. 43లో అది తిరగబడి, గాలే ఒంటిని వేడెక్కిస్తుంది. అప్పుడు మిగిలే దారి చెమట ఒక్కటే. అదీ ఊరికే కారిపోతే లాభం లేదు, ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ముందు వరుసల్లో భుజానికి భుజం తగులుతుంటే గాలి ఎక్కడ ఆడుతుంది? అందరి చెమటా అక్కడే ఆవిరై నిలిచిపోతుంది. పైగా చాలాసేపు కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలోకి దిగి, తలకి చాలక కళ్లు తిరుగుతాయి. ముందు వరుసలో ఎక్కువమంది పడిపోయేది అందుకే. వాడు కాసేపు మొహం మాడ్చుకున్నాడు గానీ, చివరికి డెస్క్ దగ్గరికే వచ్చాడు.

నీళ్ల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఆ రోజు ఖాళీ సీసాలు లోపలికి రానిచ్చారు, అంతవరకు మంచిదే. కానీ అంత జనానికి నీళ్లు పట్టుకునే చోటు ఒక్క మూలనే పెట్టారు. క్యూలో మనుషులు టోపీలు, టవళ్లు, అట్టముక్కలు నెత్తిన పెట్టుకుని నిలబడ్డారు. ఇలాంటి ఏర్పాటు ఎంతకి తెస్తుందో తెలియనిది కాదు. 1999 జులైలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఒక పాత వైమానిక స్థావరంలో వుడ్‌స్టాక్ అనే సంగీతోత్సవం పెట్టినప్పుడు జనం తారు మీద, కాంక్రీటు మీద మాడిపోయారు. అక్కడ నీళ్ల సీసా నాలుగు డాలర్లు. 2023 నవంబర్ 17న రియో డి జనీరోలో టేలర్ స్విఫ్ట్ షోకి వచ్చిన 23 ఏళ్ల అమ్మాయి ఆ వేడికి తట్టుకోలేక చనిపోయింది. ఆ తర్వాతే జనం తమ నీళ్లు తాము తెచ్చుకోనివ్వాలని బ్రెజిల్ ప్రభుత్వం ఆదేశించింది. పాట వినడానికి వచ్చిన మనిషి సంగతి అది. ఆ వార్త చదివినప్పటి నుంచి ఏ షోకి వెళ్లినా నేను మొదట కళ్లతో వెతికేది నీళ్లెక్కడున్నాయనే. స్టేజీ, లైట్లు ఎంత ముఖ్యమో నీళ్లూ అంతే ముఖ్యం. మూల మూలనా ఉండాలి, ఉచితంగా ఉండాలి.

మేం ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా తీసుకెళ్లాం. చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఉప్పు లేకుండా లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయి, అదో కొత్త ప్రమాదం.

మొదట వాయించిన బ్యాండ్ టైములో సీసాలు నింపుకుందామని నేను మైదానం చివరిదాకా వెళ్లాను. అక్కడ పాట చాలా పలచగా వినబడింది. గాలి వీచినప్పుడల్లా గొంతు వచ్చి పోతోంది. ఎండకి నేల కాలిపోయి నేల దగ్గరి గాలి పైగాలి కంటే వేడెక్కుతుంది. వేడి గాల్లో శబ్దం వేగం ఎక్కువ కాబట్టి ధ్వని పైకి వంగిపోతుంది, దూరంగా ఉన్నవాళ్లకి అందదు. తిరిగొచ్చేసరికి సౌండ్ టీమ్‌లో ఒకాయన ట్యాబ్లెట్ పట్టుకుని మధ్యలో ఉన్న స్పీకర్ టవర్ల చుట్టూ తిరుగుతున్నాడు. ఆ టవర్లలో శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసి వదలాలి. లేకపోతే స్టేజీ నుంచి వచ్చే శబ్దమూ ఇదీ రెండుగా వినబడతాయి. 20 డిగ్రీల్లో ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది, 43లో 357 దాకా. టవర్ 60 మీటర్ల దూరంలో ఉంటే తేడా ఏడు మిల్లీసెకన్లు. ఆ ఏడు మిల్లీసెకన్ల కోసం ఒక మనిషి ఆ ఎండలో నడుస్తూ ఉన్నాడు. నాకు ఆయన మీద చాలా గౌరవం కలిగింది.

ఆ ఎండ వల్ల ఇంకో సంగతి జరిగింది. జనం ఫోన్లు వేడెక్కి ఒక్కొక్కటే ఆగిపోయాయి. చాలా ఫోన్లు 35 డిగ్రీల లోపు వాడడానికే తయారుచేస్తారు, అంతకంటే వేడైతే అవే ఆపేసుకుంటాయి. అందుకే మా బ్యాండ్ స్టేజీ ఎక్కినప్పుడు మా ముందు ఫోన్లు పెద్దగా లేవలేదు, చేతులు లేచాయి. అంత పెద్ద షోలో మనుషుల మొహాలు స్టేజీ వైపే ఉండడం నేను మొదటిసారి చూశాను.

అప్పటికి సూర్యుడు స్టేజీ వెనక్కి దిగుతున్నాడు. డ్రమ్మర్‌కి రెండు పక్కలా రెండు పెద్ద ఫ్యాన్లు, మెడ చుట్టూ తడి టవలు. మొదటి పాట బాగానే పోయింది. రెండో పాటలో గిటార్ శ్రుతి దిగింది. వేడికి ఉక్కు తీగలు సాగి వదులవుతాయి కదా, శ్రుతి కిందికి జారుతుంది. తమ్ముడు అడిగిన వేళ్లు అప్పుడు స్క్రీన్ మీద దగ్గరగా కనబడ్డాయి. గిటారిస్టు తీగని మీటి, అది మోగుతుండగానే ఎడమ చెయ్యి పైకి జరిపి, బిరడాని అర అంగుళం తిప్పి, తర్వాతి స్వరాల టైముకి చెయ్యి కిందికి తెచ్చేశాడు. లయ ఎక్కడా తప్పలేదు. మా పక్కన ఉన్న కుర్రాడు "చూశారా, చూశారా" అని నా భుజం పట్టుకుని ఊపేశాడు. ఆ తర్వాత దాదాపు ప్రతి పాటకీ టెక్నీషియన్ పక్కనుంచి శ్రుతి చేసిన వేరే గిటార్ తెచ్చి ఇస్తూనే ఉన్నాడు.

నాలుగో పాటలో మా ముందున్న అమ్మాయి మెల్లగా కిందికి జారింది. తమ్ముడు, నేను పట్టుకుని డెస్క్ టెంటు నీడలో పడుకోబెట్టాం. కాళ్లు నా బ్యాగు మీద ఎత్తి పెట్టాం, మెడ మీద, చంకల దగ్గర తడి గుడ్డ పెట్టాం. పేరడిగితే చెప్పింది, ఎక్కడున్నావంటే చెప్పింది, చెమట బాగా పడుతోంది. నాకు ధైర్యం వచ్చింది. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా వడదెబ్బ అనుకోవాలి. అప్పుడు ఒళ్లు 40 డిగ్రీలు దాటి ఉంటుంది, ఒక్క నిమిషం ఆలస్యం చేయకూడదు. చుట్టూ ఉన్నవాళ్లు తల మీద చేతులు అడ్డంగా పెట్టి సైగ చేస్తే మెడికల్ వాళ్లు వచ్చారు. ఆ సైగ గాయకుడు కూడా చూసినట్టున్నాడు, పాట ఆపించాడు. వాళ్లు ఆమెని తీసుకెళ్లేదాకా బ్యాండ్ అంతా అలాగే నిలబడింది. ఈ మనుషుల్ని ఊరికే ఇన్నేళ్లు ప్రేమించలేదు నేను. అరగంట తర్వాత ఆమె ఓ పక్కన రెయిలింగ్ పట్టుకుని పాడుతూ కనబడింది.

ఇయర్‌ప్లగ్స్ గురించి ఒక మాట. స్పాంజి రకం చెమటకి జారిపోతాయి, నావి రెండుసార్లు కింద పడ్డాయి. రబ్బరు రకం తెచ్చుకోవడం మేలు. 100 డెసిబెల్స్ శబ్దాన్ని చెవి క్షేమంగా భరించేది రోజుకి పావుగంటే.

చీకటి పడ్డాక అంతా మారిపోయింది. నేల చల్లబడడం మొదలైంది, వెనక్కి నీళ్లకి వెళ్లొచ్చిన తమ్ముడు "అక్కా, చివరిదాకా ఫుల్‌గా వినబడుతోంది" అన్నాడు. సరిగ్గా అప్పుడే వాళ్ల అన్నిటికంటే వేగమైన పాట ఎత్తుకున్నారు, కానీ దాన్ని సగం వేగంతో. అలసిపోయి అలా చేశారో, ముందే అనుకున్నారో తెలియదు. రికార్డులో గిటార్ల కింద నలిగిపోయే బేస్ గిటార్ ఇక్కడ విడిగా, నిదానంగా నడుస్తూ వచ్చింది. పాట మధ్యలో నాలుగు స్వరాలు మాత్రమే వాయించి ఆగింది, మళ్లీ అవే నాలుగు. డ్రమ్మర్ కూడా సింబల్స్ అనే లోహపు పళ్లేల జోలికి పోకుండా ఊరుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

తమ్ముడు మాత్రం ఒప్పుకోవడం లేదు. ఆ పాట పరుగెత్తాల్సిన పాట, నడవాల్సిన పాట కాదంటాడు. దారి పొడుగునా వాదించాడు, ఇప్పటికీ ఫోన్ చేసి వాదిస్తున్నాడు. నిదానంగా వాయించిందే అసలు పాటని నేనంటాను.