వీలునామాలో ఉన్నవారు, రిజిస్టరులో ఉన్నవారు

పూర్వీకుల వివరాలు వెదకడం మొదలుపెట్టినవారిలో చాలామంది ముందుగా వంశవృక్షం గీయడానికి కూర్చుంటారు. పేర్లు, గీతలు, తేదీలు చకచకా పేరుకుంటాయి. కొన్నాళ్లు గడిచాక ఏ గీతను ఏ కాగితం చూసి గీశారో గీసినవారికే గుర్తుండదు. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు దేశాల పాత వీలునామాలను, జనన వివాహ మరణాల నమోదులను చదవడం నాకు ఎంతో ఇష్టమైన పని. ఆ చదువు వల్ల నాలో స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, ఈ రెండు రకాల కాగితాలలో ఏ ఒక్కటీ ఒంటరిగా ఒక కుటుంబాన్ని మన ముందు నిలపలేదు. వీలునామా రాసినవాడు తాను ఏదో ఒకటి ఇవ్వదలచుకున్నవారినే పేర్కొంటాడు. రిజిస్టరు రాసే గుమాస్తా తన దగ్గరకు వచ్చి ఎవరో చెప్పినదాన్నే రాస్తాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఒకదాని మాటను రెండవదానితో సరిచూసుకున్నప్పుడే ఎవరు ఎవరి బిడ్డలో ధైర్యంగా చెప్పగలం.

ముందుగా రిజిస్టర్ల సంగతి. ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రభుత్వ నమోదు 1837 జూలై 1న మొదలైంది. స్కాట్లండులో 1855లో, ఐర్లండులో పూర్తి స్థాయిలో 1864లో ఆ ఏర్పాటు వచ్చింది. మరణ ధ్రువపత్రం నకలు చేతికి రాగానే నేను మొదట చూసేది పేరును కాదు, ఈ సంగతి చెప్పినవారెవరు అన్న గడిని. మరణించిన మనిషి తన వయసు తాను చెప్పుకోలేడు కదా. భార్య చెప్పిందా, కొడుకు చెప్పాడా, పక్కింటివారు చెప్పారా అన్నదానిని బట్టి ఆ కాగితంలోని ప్రతి మాట బరువూ మారిపోతుంది. మరణించిన తేదీ రోజుల వ్యవధిలోనే నమోదవుతుంది కాబట్టి దాన్ని దాదాపుగా నమ్మవచ్చు. వయసు మాత్రం చెప్పినవారి అంచనా. డెబ్బై అనో ఎనభై అనో గుండ్రని అంకె కనబడితే, దాని నుంచి పుట్టిన సంవత్సరాన్ని లెక్కగట్టి, ఆ ఒక్క సంవత్సరంలోనే జననం కోసం వెదకడం వృథా శ్రమ. అటూ ఇటూ కొన్నేళ్లు కలుపుకుని వెదకాలి.

వివాహ నమోదులో కూడా ఇదే జాగ్రత్త అవసరం. ఇంగ్లండు వివాహ పత్రాలలో వరుడి తండ్రి పేరు, వధువు తండ్రి పేరు ఉంటాయి. తల్లుల పేర్లకు చోటు దొరికింది 2021 మే 4 నుంచే. తండ్రి పేరును చెప్పేది వధూవరులే కనుక, తండ్రి ఎవరో తెలియని వరుడు మర్యాద కోసం ఒక పేరు కల్పించి చెప్పినా ఆపేవారు లేరు. చాలా పత్రాలలో వయసు దగ్గర అంకె ఉండదు. ఇరవై ఒక్క ఏళ్లు నిండాయన్న అర్థంలో 'ఫుల్ ఏజ్' అని మాత్రమే రాసి ఉంటుంది. ఇక ఇంగ్లండులో జననాన్ని నమోదు చేయించే బాధ్యతను తల్లిదండ్రుల మీద గట్టిగా పెట్టిన చట్టం 1875లోనే అమలుకు వచ్చింది. అంతకుముందు దశాబ్దాలలో ఒక బిడ్డ పేరు జనన సూచికలో లేనంత మాత్రాన ఆ బిడ్డ అక్కడ పుట్టలేదని తేల్చకూడదు. ఇంగ్లండు జనన నమోదులో పుట్టిన గంట కూడా రాసి ఉంటే, సాధారణంగా అది కవలల గుర్తు. వెంటనే రెండవ బిడ్డ కోసం వెదకాలి.

స్కాట్లండు రిజిస్టర్ల మీద నాకున్న అభిమానాన్ని దాచుకోలేను. అక్కడి మరణ నమోదులో మరణించినవారి తండ్రి పేరు, తల్లి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటాయి. చెప్పినవారికి ఆ సంగతులు తెలిసి ఉంటే, ఒక్క కాగితంతో ఒక తరం వెనక్కి వెళ్లిపోవచ్చు. మొదలుపెట్టిన 1855వ సంవత్సరంలోనైతే ఇంకా ఎక్కువ అడిగారు. జనన నమోదులో తల్లిదండ్రుల వయసులు, వారు పుట్టిన ఊళ్లు, వారి పెళ్లి ఎప్పుడు ఎక్కడ జరిగింది, అంతకుముందు ఎంతమంది పిల్లలు అన్న ప్రశ్నలన్నీ ఉండేవి. రిజిస్ట్రార్లకు అది మోయలేని పని కావడంతో మరుసటి ఏడాదే చాలా ప్రశ్నలు తీసివేశారు. 1861లో తల్లిదండ్రుల పెళ్లి వివరాన్ని తిరిగి చేర్చారు. కుటుంబంలో పెద్ద బిడ్డ పుట్టుక 1855లో పడకపోయినా, తోబుట్టువులలో ఒక్కరిదైనా ఆ ఏడాదిలో ఉన్నదేమో చూడటం ఎంత లాభమో వెదికినవారికే తెలుస్తుంది.

ప్రభుత్వ నమోదుకు ముందు కాలానికి వెళ్లాలంటే చర్చి రిజిస్టర్లే దిక్కు. ఇంగ్లండులో ప్రతి పారిష్‌లో, అంటే ఒక్కో చర్చి పరిధిలో, బాప్తిస్మాలు, వివాహాలు, ఖననాలు రాసి ఉంచాలని ఎనిమిదవ హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో ఆజ్ఞ ఇచ్చాడు. వాటిలో ఉండేది పుట్టిన తేదీ కాదు, బాప్తిస్మం తేదీ. ఒకే ఇంటి పిల్లలు ముగ్గురికి ఒకే రోజున బాప్తిస్మం జరిగిన నమోదులు కూడా కనిపిస్తాయి. అటువంటి చోట వాళ్లను ఒకే కాన్పు పిల్లలుగా రాసుకుంటే తరువాతి లెక్కలన్నీ తప్పుతాయి.

ఇప్పుడు వీలునామాలు. 1858 జనవరి 12కు ముందు ఇంగ్లండులో వీలునామాలను ధ్రువపరిచే అధికారం చర్చి న్యాయస్థానాల చేతిలో ఉండేది. వాటిలో పెద్దది కాంటర్‌బరీ ఆర్చిబిషప్ న్యాయస్థానం. 1384 నుంచి 1858 వరకు అది నమోదు చేసిన పది లక్షలకు పైగా వీలునామాలు నేడు లండన్ శివారు క్యూలోని జాతీయ పత్రాగారంలో ఉన్నాయి. చాలామంది ఇళ్లలో కూర్చుని చదివేది అక్కడి రిజిస్టరు ప్రతులను, అంటే న్యాయస్థానపు గుమాస్తాలు ఎత్తి రాసిన నకళ్లను. అసలు ప్రతిలోని సంతకం, కొట్టివేతలు, పంక్తుల మధ్య చేర్పులు నకలులో కనబడవు. అసలు ప్రతి మిగిలి ఉందని తెలిస్తే, దాన్ని చూసే అవకాశాన్ని వదులుకోకూడదు.

అది ఎందుకన్నది ఒక ప్రసిద్ధమైన వీలునామాను చూస్తే తెలుస్తుంది. విలియం షేక్‌స్పియర్ 1616 మార్చి 25 తేదీతో ఉన్న తన వీలునామా మూడు పుటల మీదా సంతకాలు చేశాడు. నెల దగ్గర ముందు జనవరి అని రాసి, దాన్ని కొట్టివేసి మార్చి అని దిద్దారు. ఆ మధ్యలో, ఫిబ్రవరి 10న, అతని కూతురు జూడిత్‌కు పెళ్లయింది. మొదటి పంపకం దగ్గర 'అల్లుడికి' అని రాయబోయిన మాటను కొట్టివేసి, 'కూతురు జూడిత్‌కు' అని మార్చిన జాడ ఉంది. భార్యకు రెండవ మంచి మంచాన్ని ఇస్తున్నానన్న వాక్యం పంక్తుల మధ్య ఇరికించి రాసినది. ఆ భార్య పేరేమిటో వీలునామా మొత్తంలో ఎక్కడా లేదు. సోదరి జోన్ హార్ట్ ముగ్గురు కొడుకులకు తలా ఐదు పౌండ్లు ఇస్తూ, ఒకరి పేరు రాయవలసిన చోట ఖాళీ వదిలేశారు. ఎలిజబెత్ హాల్ అనే అమ్మాయిని అతని 'నీస్' అన్నారు. నేటి అర్థంలో చదివితే ఆమె అతని తోబుట్టువుల కూతురవుతుంది.

ఈ ఒక్క కాగితాన్నే నమ్మి వంశవృక్షం గీసేవారి పరిస్థితి ఊహించండి. భార్య పేరు తెలియదు, మేనల్లుడి పేరు తెలియదు, మనుమరాలు వెళ్లి వేరే కొమ్మ మీద కూర్చుంటుంది, కొడుకు ఉండేవాడన్న సంగతే బయటపడదు. షేక్‌స్పియర్ సొంత ఊరు స్ట్రాట్‌ఫర్డ్ చర్చి రిజిస్టరు తెరిస్తే ఈ ఖాళీలు ఒక్కొక్కటిగా నిండుతాయి. 1583లో పెద్ద కూతురు సుసాన్నా బాప్తిస్మం, 1585 ఫిబ్రవరి 2న కవలలైన హామ్నెట్, జూడిత్‌ల బాప్తిస్మం, 1596 ఆగస్టు 11న హామ్నెట్ ఖననం అందులో ఉన్నాయి. ఎలిజబెత్ 1608లో సుసాన్నాకు పుట్టిన బిడ్డ. ఖాళీ వదిలిన పేరు థామస్. ఈ సంగతులన్నీ చెప్పిన రిజిస్టరు కూడా భార్య ఎవరో చెప్పలేదు. ఆమె కోసం వూస్టర్ బిషప్ కార్యాలయపు కాగితాల దాకా వెళ్లాలి. అక్కడ 1582 నవంబరు 28 నాటి వివాహ పూచీపత్రంలో ఆన్ హాథవే పేరుంది. దానికి ముందురోజు, అదే కార్యాలయపు రిజిస్టరులో, వధువు పేరు ఆన్ వేట్లీ అని రాసి ఉంది. అది గుమాస్తా చేతి పొరపాటని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఇంత పేరున్న మనిషి విషయంలోనే నాలుగు రకాల కాగితాలు కలిస్తే గాని ఇల్లు నిలబడలేదు.

బంధుత్వాలు చెప్పే మాటల దగ్గర ఆగి ఆగి చదవాలి. 'సన్ ఇన్ లా' అన్న మాటను పాతకాలంలో అల్లుడికే కాక, భార్యకు మొదటి పెళ్లి వల్ల కలిగిన కొడుక్కీ వాడేవారు. 'కజిన్' అన్న మాటలో అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలూ వచ్చేవారు. పేరు లేకపోవడాన్ని కూడా తొందరపడి అర్థం చేసుకోకూడదు. పెద్ద కొడుక్కి భూమి వారసత్వపు హక్కుగా సంక్రమించే ఇళ్లలో, వీలునామాలో అతని ప్రస్తావనే లేకుండా మిగతా పిల్లల వాటాలు మాత్రమే ఉండవచ్చు. ఒక కొడుక్కి ఒక్క షిల్లింగు రాస్తే తండ్రికి అతని మీద కోపమని పాఠకులు అనుకుంటారు. అతని వాటా పెళ్లినాడో, వేరు కాపురం పెట్టిన నాడో ముందే ఇచ్చేసి ఉండటం కూడా సాధారణమే. మరచిపోలేదని చూపడానికి ఆ షిల్లింగు చాలు. ఇవి తేలాలంటే పన్ను కాగితాలు చూడటం మంచిది. 1796 నుంచి 1903 వరకు నడిచిన మరణ సుంకాల రిజిస్టర్లలో బంధుత్వాలు స్పష్టంగా ఉంటాయి, ఎందుకంటే సుంకం రేటు బంధుత్వం దూరాన్ని బట్టి మారేది. అధికారి ఆరా తీసి రాసుకున్న ఆ మాట, వీలునామాలోని వదులైన మాట కన్నా చాలాసార్లు గట్టిది.

తేదీల విషయంలో ఒక చిక్కు ఉంది. 1752కు ముందు ఇంగ్లండులో చట్టం ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఒక మనిషి వీలునామా 1740 ఏప్రిల్‌లో రాసినట్టుగా, అతని ఖననం 1740 జనవరిలో జరిగినట్టుగా కనబడితే, చనిపోయాక వీలునామా రాశాడా అని కంగారు పడనక్కరలేదు. ఆ లెక్కలో జనవరి ఏప్రిల్ తరువాతే వస్తుంది. మన లెక్క ప్రకారం ఆ ఖననం 1741లో జరిగింది. ఇటువంటి తేదీని రాసుకునేటప్పుడు 1740/41 అని రెండు అంకెలూ వేస్తే తరువాత చూసేవారికి సందేహం ఉండదు.

అన్ని కాగితాలూ మిగలలేదన్నది బాధ కలిగించే నిజం. 1922 జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ ఆవరణలోని ఐర్లండు ప్రభుత్వ పత్రాగారం అంతర్యుద్ధంలో తగలబడినప్పుడు, శతాబ్దాల నాటి అసలు వీలునామాలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. ఇంగ్లండులో ఎక్సెటర్ వీలునామాలు 1942 బాంబు దాడిలో పోయాయి. ఐర్లండు విషయంలో ఊరట ఏమిటంటే, సర్ విలియం బెథమ్ అనే అధికారి అంతకు చాలాకాలం ముందే, 1800 వరకు ఉన్న చర్చి ఉన్నత న్యాయస్థానపు వీలునామాల నుంచి కుటుంబ సంబంధాలను మాత్రం ఎత్తి రాసుకున్నాడు. వీలునామాలోని పూర్తి మాటలు పోయినా, ఎవరి కొడుకెవరో ఆ సారాంశాలలో మిగిలింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ కాగితాలలో స్త్రీలు దొరికే తీరు. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 1883 జనవరి 1న అమలులోకి వచ్చేవరకు, ఇంగ్లండులో పెళ్లయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా వీలునామా రాయడం సాధారణంగా కుదిరేది కాదు. అందువల్ల మనకు దొరికేవి ఎక్కువగా వితంతువులవి, పెళ్లి చేసుకోనివారివి. నిజానికి కుటుంబ చరిత్రకు వాటిని మించినవి లేవు. తండ్రి వీలునామా కూతురి పేరు పక్కన ఆమె భర్త పేరు చెబితే ఆమె మెట్టినింటి పేరు తెలుస్తుంది, అంతవరకే. పిల్లలు లేని ఒంటరి స్త్రీ రాసిన వీలునామాలో అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు, చనిపోయిన చెల్లెలి కూతుళ్లు వరుసగా పేరుపేరునా వస్తారు. ఉంగరం ఒకరికి, పట్టు గౌను ఒకరికి, దుప్పట్లు ఇంకొకరికి అని వస్తువు వస్తువుకూ మనిషిని చెబుతుంది. అందుకే ఒక ఇంటిపేరు మీద వెదకడం మొదలుపెట్టినప్పుడు నేను ముత్తాత వీలునామాకు ముందు, అతని పెళ్లికాని అక్కచెల్లెళ్ల వీలునామాలు ఏమైనా ఉన్నాయా అని సూచికలు తిరగేస్తాను. ఆ పేర్లను చర్చి రిజిస్టరులోని బాప్తిస్మాలతో సరిపోల్చితే, ముత్తాత కాగితంలో ఖాళీగా మిగిలిన తోబుట్టువుల వరుస చాలావరకు అక్కడే పూర్తవుతుంది.