మెండేషస్: నాలుగు మార్కుల మాట

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే సీజీఎల్ పరీక్ష ఫైనల్ లిస్టులో ఈసారి నా పేరుంది. రెండో అటెంప్ట్. మొదటిసారి ఎక్కడ దెబ్బతిన్నానో చెబితే హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో కూర్చుని చదువుతున్న మీకు పనికొస్తుందని రాస్తున్నా.

టైర్-2 (రెండో దశ) ఇంగ్లిష్‌లో 'మెండేషస్'కు వ్యతిరేక పదం అడిగాడు. ఎక్కడో చూసిన మాటలాగే ఉంది. చిక్కడపల్లి లైబ్రరీలో రాసుకున్న నోట్సులో 'మెండికెంట్ - బిచ్చగాడు' గుర్తొచ్చింది. బిచ్చగాడికి వ్యతిరేకం డబ్బున్నవాడే కదా అని 'ఆఫ్లుయెంట్' నొక్కేశా. పక్కనే 'వెరేషస్' (నిజం చెప్పే) ఉంది, అదే జవాబు. దాన్నేమో 'వొరేషస్' అని చదివి, తిండిపోతుకి ఇక్కడేం పని అని వదిలేశా. ఒకే ప్రశ్నలో రెండుసార్లు బోల్తా పడటం కూడా టాలెంటే. రావాల్సిన 3 పోయాయి, నెగెటివ్ 1. కటాఫ్‌కు నాకున్న తేడా ఆ నాలుగు మార్కుల లోపే.

పరీక్ష రాసి బయటికి రాగానే నాన్న ఫోన్. "ఎట్లొచ్చింది బిడ్డా?" "మంచిగ రాసిన నాన్నా" అన్నా. నిజంగా అలాగే అనుకున్నా. తర్వాత ఆన్సర్ కీ వచ్చింది, లెక్క చూసుకున్నా. ఆ వారంలో నాన్న మళ్లీ అడిగితే "కీ ఇంకా రాలే" అని చెప్పా.

ఈ రెండు మాటల మధ్య తేడానే మెండేషస్. మొదటిది తప్పే కానీ అబద్ధం కాదు, నాకే తెలియదు కాబట్టి. రెండోది తెలిసి చెప్పింది. మన భాషలో పొరబడటం వేరు, బొంకడం వేరు. ఈ మాటలో ఉన్నది బొంకు. మనిషికి వాడితే అబద్ధాలకోరు, మాటకు వాడితే కల్లబొల్లి మాట. నామవాచకం మెండాసిటీ. ఖాళీలు పూరించే ప్రశ్నలో చెప్పినవాడికి నిజం తెలుసా లేదా చూడండి. తెలిసీ అబద్ధం చెబితే మెండేషస్, తెలియక తప్పు చెబితే ఎర్రోనియస్. లాటిన్‌లో 'మెండాక్స్' అంటే అబద్ధాలాడేవాడు, 'మెండికస్' అంటే బిచ్చగాడు. నేను మునిగింది ఈ రెంటి మధ్య.

ఆ తర్వాత చేసింది పెద్దగా ఏం లేదు. మాటల్ని విడిగా బట్టీ పట్టడం మానేసి, ఒకదానికొకటి దగ్గరగా వినిపించేవి జంటగా రాసుకున్నా. మ్యాథ్స్, రీజనింగ్ అందరిలాగే మాక్‌లు రాస్తూ లాక్కొచ్చా.

ఒక్క మాట మాత్రం అనాలి. లైబ్రరీలో పొద్దున బ్యాగు పెట్టి సీటు ఆపి, టీ కొట్టు దగ్గర మూడు గంటలు నిలబడి, రాత్రి రూమ్మేట్‌తో "పద్నాలుగు గంటలు చదివా" అనేవాళ్లున్నారు. నేనూ అన్నా. రూమ్మేట్ నమ్మాడో లేదో కానీ, నేను మాత్రం నమ్మేశా. నాన్నకు కీ సంగతి దాచింది ఆయన బాధపడతారనే తప్ప వేరే ఉద్దేశంతో కాదు. అయినా దాచడం దాచడమే అంటారా, సరే.

ఫైనల్ రిజల్ట్ వచ్చిన రోజు ఫోన్ చేసి "నాన్నా, లిస్టులో పేరొచ్చింది" అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ పేజీ ఫొటో తీసి పంపు" అన్నాడు.