బెల్టు లెక్కలో నేను నడవనే లేదు

“వారం మొత్తం మీద ఒక్క నిమిషం కూడా చెప్పుకోదగ్గ శ్రమ లేదు. మంచం దిగలేదా ఏంటండీ?” ఆస్పత్రిలో నా నడుం బెల్టు లెక్క చూస్తున్నాయన, తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. గుండెపోటు వచ్చి అప్పటికి ఏడో వారం. ఎకోలో ఈజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె గది తనలోని రక్తంలో ఒక్కో దెబ్బకి బయటికి నెట్టే వాటా, 30 శాతం. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు వాకర్ పట్టుకుని, మధ్యలో రెండేసి సార్లు ఆగి ఆయాసం తీర్చుకుంటూ నడిచినవాణ్ణి. ఆ రోజు కోప్పడ్డానికి కూడా ఊపిరి చాల్లేదు. ఇప్పుడు చాలుతోంది.

స్టెంట్లు, ఐసీయూ, మందుల సంచీ అందరికీ ఉన్నవే, వదిలేద్దాం. నా పేచీ నడుముకి కట్టిన అగ్గిపెట్టెంత పరికరంతో, దాన్ని నమ్మినంతగా నన్ను నమ్మని మనిషితో.

అందులో ఉండేది యాక్సిలరోమీటర్. ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందికీ వచ్చే కుదుపుని సెకనుకి 30 నుంచి 100 సార్లు కొలుస్తుంది. ఆ కుదుపులన్నీ కలిపి నిమిషానికి ఇన్ని ‘కౌంట్లు’ అని లెక్క కడతారు. 1952 దాటితే మధ్యస్థ శ్రమ, లోపుంటే తేలిక పని. ఈ 1952 ఎక్కడిదనుకున్నారు? 1998లో ఫ్రీడ్‌సన్ అనే పరిశోధకురాలి బృందం ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్లని ట్రెడ్‌మిల్ మీద నడిపించి, పరిగెత్తించి తేల్చిన హద్దు. అది 3 మెట్‌లకి సమానమని. (మెట్ అంటే మేడ మెట్టు కాదు. ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి పట్టే ఆక్సిజన్, కిలో బరువుకి నిమిషానికి 3.5 మిల్లీలీటర్లు.) నా తాహతంతా కలిపి 4 మెట్‌లని పరీక్షలో తేలింది. అంటే ఆ కుర్రాళ్లకి షికారు లాంటి నడక నాకున్న సత్తాలో ముప్పాతిక వంతు. ఆ పరికరం కొలిచింది కుదుపుని. నా గుండె పడ్డ అవస్థని కాదు.

అడుగుల లెక్క కూడా తప్పే. నిదానంగా, కాళ్లు ఈడ్చుకుంటూ నడిస్తే నడుము దగ్గర కుదుపు గీత దాటదు, అడుగు జమ కాదు. పైగా చాలా వాచీలు వరసగా కొన్ని అడుగులు పడేదాకా లెక్క మొదలెట్టవు. చేయి ఊపినా అడుగనుకుంటాయన్న భయంతో అలా చేస్తారు. మంచం నుంచి స్నానాల గదికి నావి ఎనిమిది అడుగులు. రోజుకి ఎన్నిసార్లు తిరిగినా సున్నాయే.

ఇది పట్టుకున్నది ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి. ఆమె మేలు మరచిపోలేను. నన్ను వంద అడుగులు నడవమని, పక్కనే నోటితో లెక్కపెట్టింది. నడుం బెల్టు 61 చూపించింది. మణికట్టు వాచీ 9! రెండు చేతులూ వాకర్ మీద బిగుసుకుని ఉంటే దానికి ఊపెక్కడిది? అదే వాచీని చీలమండ ఎముకకి పైన, బయటివైపు కట్టి మళ్లీ నడిపిస్తే 97. మీరూ ఇదే చేయండి: కొత్త పరికరం కట్టిన రోజే మీ మామూలు నడకతో వంద అడుగులు నోటితో లెక్కపెట్టి పోల్చండి. ఏ కాలికి కడితే ఎప్పుడూ ఆ కాలికే. గతుకుల దారిలో బండెక్కితే ఆ వేళ రాసిపెట్టుకోండి. కూర్చున్నవాడికి కూడా అడుగులు పడతాయి.

రాసుకోవాల్సింది ఇంకొకటుంది. రోజుకి కనీసం 10 గంటలు, వారంలో కనీసం 4 రోజులు కట్టుకుంటేనే ఆ లెక్కని సాధారణంగా ఒప్పుకుంటారు. 60 నిమిషాలు వరసగా సున్నా వస్తే ‘తీసి పక్కన పెట్టాడు’ అని కొన్ని ప్రోగ్రాములు ఆ గంటని కొట్టేస్తాయి. గుండె నీరసించినవాడు గంటసేపు కదలకుండా కూర్చోవడం వింతా? ఈ గడువుని 90 నిమిషాలకి పెంచమని అడగొచ్చు. తీసిన వేళ, కట్టిన వేళ కాగితం మీద ఉంటే ఏ వాదనా ఉండదు.

ఇక ఆ రాత్రి. తొమ్మిదో వారం, రెండు దాటింది. గుండెలో ఏదో తడబాటుకి మెలకువ వచ్చి చూస్తే వాచీలో నాడి 41. మా ఆవిడ మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ లెక్కపెట్టింది. ఆమె లెక్కలోనూ నలభై చిల్లరే. వాచీ తప్పేమోనన్న ఆశ కూడా పోయింది. ఆస్పత్రికి వెళ్లేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఈసీజీలో 82! ప్రతి మామూలు దెబ్బ వెనకా ఒక తొందరపాటు దెబ్బ. గుండె గది నిండకముందే పిండేయడంతో రక్తం మణికట్టుదాకా రావడం లేదు. వాచీలో ఆకుపచ్చ లైటు చూసేది చర్మం కింద రక్తపు పోటునే, గుండెలోని కరెంటుని కాదు. అందుకే సగానికి సగం. నీరు తీసే మాత్రలతో పొటాషియం పడిపోయిందని రక్తపరీక్షలో తేలింది, సరిచేశారు. రాత్రి డ్యూటీ డాక్టరుగారు విసుక్కోకుండా బొమ్మ గీసి చూపించారు. దేవుడే ఆ వేళకి ఆయన్ని అక్కడ ఉంచాడనుకుంటాను. ఒకటి మాత్రం గట్టిగా చెప్తా: 41 చూసి ‘సగమేలే’ అని పడుకోకండి. నిజంగా 41 అయినా, సగమే అయినా చెప్పగలిగేది ఈసీజీ ఒక్కటే.

నాడిని బట్టి శ్రమని కొలవడం, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు వేసుకునేవాళ్లకి కుదరదు. గుండె గరిష్ఠ వేగం కోసం 220లోంచి వయసు తీసేయమంటారు. నా 58 తీస్తే 162. మెటోప్రొలాల్ అనే బీటా బ్లాకర్ మీద నేను రొప్పుతున్నా 96 దాటలేదు, వాచీ ‘తేలిక నడక’ అంది. ఇప్పుడు బోర్గ్ కొలబద్దే వాడుతున్నా: 6 నుంచి 20 దాకా, ఎంత కష్టంగా ఉందో మనమే చెప్పుకునే అంకె. నాకు 11 నుంచి 13 మధ్య ఉండమన్నారు. మాట తెగకుండా రెండు వాక్యాలు చెప్పగలిగితే సరే. పదివేల అడుగులంటారా, ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. డాక్టరు చీటీలోంచి కాదు. నాకు మొదటి లక్ష్యం, నిన్నటికంటే ఓ రెండు వందలు.

నాలుగో నెలలో అడుగులు బాగానే పడుతున్నాయి, 3,800. ఒక పొద్దున చీలమండ పట్టీ మూడో రంధ్రానికి అందలేదు, రెండోదాంట్లో పెట్టాను. తీస్తే చర్మం మీద గాడి, వేలితో నొక్కితే గుంట. తూకంలో మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగాను. ఫోన్ చేస్తే నీటిమాత్ర మోతాదు మార్చారు, పొటాషియం మళ్లీ చూశారు. ఐదో రోజుకి పట్టీ మూడో రంధ్రంలోకి వచ్చింది. ఆ ఐదు రోజులూ అడుగుల అంకెలో తేడా ఏమీ లేదు.