ఒకే పేరు, రెండు వేర్లు

మూలికలలో విషాన్ని పట్టుకోవాలంటే మంచి యంత్రం ఉంటే చాలునని చాలాకాలం అనుకున్నాను. బ్రస్సెల్స్‌లో జరిగిన దాని గురించి చదివాక ఆ నమ్మకం సడలింది. అక్కడ బరువు తగ్గడానికి చైనా మూలికలు కలిపిన గుళికలు వాడిన స్త్రీలలో మూత్రపిండాలు వేగంగా దెబ్బతింటున్నాయని 1993లో వైద్యులు ప్రకటించారు. ఆ గుళికలలో ఉండవలసినది స్టెఫానియా టెట్రాండ్రా వేరు. చైనాలో దాని పేరు హాన్ ఫాంగ్‌జీ. దాని బదులు వచ్చి చేరినది గ్వాంగ్ ఫాంగ్‌జీ, అంటే అరిస్టొలోకియా జాతికి చెందిన వేరొక మొక్క వేరు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న "ఫాంగ్‌జీ" అనే మాటే ఇంత అనర్థానికి దారి తీసింది. కొందరికి డయాలసిస్ తప్పలేదు. మరికొందరికి, గుళికలు మానివేసిన కొన్నేళ్లకు, మూత్రనాళాలలో క్యాన్సర్ కనబడింది.

అరిస్టొలోకియా మొక్కలలోని విషమైన అరిస్టొలోకిక్ ఆమ్లం శరీరంలో మార్పు చెంది డీఎన్ఏకు అతుక్కుంటుంది, అది వదిలే ఉత్పరివర్తనాల (జన్యుమార్పుల) ముద్ర కణితులలో స్పష్టంగా గుర్తించగలిగేంత ప్రత్యేకమైనది. ద్రవ క్రొమటోగ్రఫీతో పదార్థాలను విడదీసి, అణువులను వాటి ద్రవ్యరాశిని బట్టి గుర్తించే ద్రవ్యరాశి వర్ణపటమాపకంతో కొలిస్తే ఈ ఆమ్లం అతి స్వల్ప మోతాదులో ఉన్నా దొరుకుతుంది. అయితే యంత్రం మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. పోల్చడానికి ప్రామాణిక నమూనా దగ్గర లేని విషం దాని కళ్లముందు నుంచే జారిపోవచ్చు. అందుకే, నా దృష్టిలో, విషం కోసం వెతకడం కన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఇది నిజంగా ఆ మొక్కేనా? స్టెఫానియాకు గుర్తయిన టెట్రాండ్రిన్ ఆ పొడిలో ఉందా అని మొదటే చూసి ఉంటే, అది లేకపోవడమే హెచ్చరికగా నిలిచేది.

భారలోహాల విషయంలో చిక్కు మరొక రకం. ఇంగిలీకం కలిపిన మందులో మొత్తం పాదరసం ఎంతో చెప్పడం తేలికే గాని, కరగని సల్ఫైడుగా ఉన్న పాదరసానికీ దేహంలోకి సులువుగా ఇంకే రూపాలకీ ఉన్న తేడాను ఆ ఒక్క అంకె చెప్పదు. వసనాభి జాతికి చెందిన విషపు వేరు ఫూజీలో అయితే ఎంతసేపు ఉడికించారన్నదే ముఖ్యం, ఎందుకంటే దీర్ఘంగా మరిగితే అందులోని విషం అకోనిటిన్ విడిపోయి తీవ్రత చాలావరకు తగ్గుతుంది.

2012లో ఆస్ట్రేలియాలోని మర్డోక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చైనా మందుల నమూనాలలోని డీఎన్ఏను చదివి, అరిస్టొలోకిక్ ఆమ్లం ఉండగల అసారం వంటి మొక్కలతో పాటు, అప్పట్లో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న సైగా జింక ఆనవాళ్లను కూడా గుర్తించారు. డీఎన్ఏ మొక్క పేరు చెబుతుంది, విషం మోతాదు చెప్పదు. పైగా ఎక్కువగా మరిగించిన కషాయంలో డీఎన్ఏ చెదిరిపోతుంది. షీషిన్ పేరుతో వాడే అసారం విషయంలో పేరు సరిపోయినా పని తీరదు. దాని ఆకులతో పోలిస్తే వేరులో ఈ ఆమ్లం తక్కువ గనుక, చైనా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) 2005 నుండి వేరునూ నేలలోపలి కాండాన్నీ మాత్రమే అనుమతిస్తోంది. కాబట్టి పరీక్షించేవారు సంచిలోని తునక ఏ మొక్కదో తేల్చాక, అది ఆ మొక్కలో ఏ భాగమో కూడా సూక్ష్మదర్శిని కింద చూడవలసి ఉంటుంది.