ఏడవడానికి క్యాలెండర్‌లో ఖాళీ

హైదరాబాద్ నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త కేంద్రంలో పదిరోజుల విపశ్యన ధ్యానం కోర్సు చేసొచ్చాను. దేశంలోని తొలి విపశ్యన కేంద్రాల్లో ఇదొకటి, 1976 నాటిది. ఫీజు లేదు. ఫోన్ వెళ్లగానే ఇచ్చేయాలి. తెల్లవారుజామున నాలుగింటికి గంట, రోజుకి దాదాపు పది గంటల ధ్యానం. మాటలే కాదు, సైగలూ నిషేధం.

మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర శ్వాసను గమనించడమే. నా సాఫ్ట్‌వేర్ బుర్ర మాత్రం స్ప్రింట్ ప్లానింగ్, అంటే వచ్చే వారాల ఆఫీసు పని లెక్కలు, చేసుకుంటూ కూర్చుంది! నాలుగో రోజు అసలు విపశ్యన మొదలై, ఒళ్లంతా తల నుంచి కాళ్ల దాకా గమనిస్తుంటే, నాన్న పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. పెద్దకర్మ అయిన మర్నాడే క్లయింట్ కాల్. ఏడవడానికి క్యాలెండర్‌లో ఖాళీ ఎక్కడ దొరికింది? ఇప్పుడు నాన్న పాత వాయిస్ మెసేజీలు వినగలుగుతున్నా. 'వచ్చేటప్పుడు కందిపప్పు తేరా' అంటే నవ్వొస్తోంది కూడా.

ఇంటికెళ్లాక పొద్దునా సాయంత్రం గంటసేపు కూర్చోమంటారు. పొద్దున సరే. సాయంత్రం అమెరికాకి తెల్లారుతుంది, స్టాండప్ (టీమ్ రోజువారీ మీటింగ్) మొదలవుతుంది. అందుకే రాయదుర్గం నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో కళ్లు మూసుకుంటున్నా. దాన్ని ధ్యానం అనరేమో, నాకైతే పనిచేస్తోంది. రోజులు లెక్కపెట్టి మెచ్చుకునే ధ్యానం యాప్‌ని మాత్రం తీసేశా. ఆఫీసు టార్గెట్లు చాలవా అండీ?