రెండో గేట్: అశోక్‌నగర్ టీ కొట్టు దగ్గర అర్థమైన రౌటింగ్

గేట్ రిజల్ట్ వచ్చి వారమైంది. అమ్మ ఇంకా చుట్టాలకు ఫోన్లు చేస్తూనే ఉంది. ర్యాంకు గొప్పదేం కాదు, ఎంటెక్ సీటుకు సరిపోతుంది. మొదటిసారి క్వాలిఫై కూడా కాలేదు కాబట్టి నాకిదే పండగ. ఎలా చదివావని చాలామంది అడుగుతున్నారు. అంతా రాసే ఓపిక లేదు గానీ, నెట్‌వర్క్స్‌లో డిస్టెన్స్ వెక్టర్ అనే రౌటింగ్ పద్ధతి (డేటాకు దారి చూపే రౌటర్లు పొరుగువాటి మాట విని దారి ఎంచుకోవడం) దగ్గర ఎలా బోర్లా పడ్డానో మాత్రం చెప్పాలి.

పొరుగు రౌటర్ దాకా ఖర్చు, అక్కడి నుంచి గమ్యానికి అది చెప్పే దూరం కలిపి, వచ్చినవాటిలో చిన్నది తీసుకోవడం. అల్గారిథమ్స్ సబ్జెక్టులో చదివిన, అతి తక్కువ ఖర్చు దారి వెతికే బెల్‌మన్-ఫోర్డ్ పద్ధతే ఇది. ఇంతే కదా అని పేజీ తిప్పేశాను.

మాక్ టెస్టులో ఇలాంటి లెక్క వచ్చింది. ఎక్స్ అనే రౌటర్‌కు పొరుగున పీ, క్యూ ఉన్నాయి, ఖర్చులు 4, 6. పాత టేబుల్లో జెడ్‌కు దూరం 8, పీ మీదుగా. ఇప్పుడు జెడ్‌కు పీ 9 అంటోంది, క్యూ 5 అంటోంది. నేను 13, 11, పాత 8 పక్కపక్కన పెట్టుకుని 8 కొట్టాను. జవాబు 11. న్యూమరికల్ ప్రశ్న, నెగెటివ్ లేదు కదా అని వదిలేశాను. అదే తప్పు ఇంకో రెండు టెస్టుల్లోనూ చేశాను.

ఆ 8 ఎక్కడిది? ఒకప్పుడు పీ తనకు జెడ్ 4 దూరంలో ఉందని చెబితే వచ్చింది. ఆ పీయే ఇప్పుడు మాట మార్చింది. ఇక 8 ఎవరి సొత్తు? డిస్టెన్స్ వెక్టర్‌తో నడిచే రిప్ అనే రౌటింగ్ ప్రోటోకాల్‌లోనూ ఇదే రూలు: ఏ పొరుగు మీదుగా దారి ఉందో అదే పెద్ద అంకె పంపితే, నచ్చకపోయినా రాసుకోవాల్సిందే.

ఇక కౌంట్ టు ఇన్ఫినిటీ, అంటే తెగిపోయిన దారి దూరాన్ని రౌటర్లు ఒకదాన్ని చూసి ఒకటి పెంచుకుంటూ పోవడం. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో నా చుట్టూ అందరూ గ్రూప్స్ వాళ్లే. టీకి బయటికొచ్చినప్పుడు పక్క కుర్చీ అన్న నా కాగితం చూసి "గిదేంది తమ్మీ" అన్నాడు. ఏ, బీ, సీ ఒకే వరసలో ఉన్నాయి, ఒక్కో లింకు ఖర్చు 1 అని చెప్పాను. బీ-సీ లింకు తెగింది. సీకి తన దగ్గర 2లో దారి ఉందని ఏ అంటుంది. ఆ దారి తన మీదుగానే అని బీకి తెలియదు, 3 రాసుకుంటుంది. అది విని ఏ 4 అంటుంది. మళ్లీ బీ 5.

అన్న పగలబడి నవ్వాడు. "మా నోటిఫికేషన్ లెక్కనే ఉన్నది. వచ్చే నెల అట అని నేను వానికి చెప్త. వారం తర్వాత వాడే నాకు చెప్తడు. ఇద్దరు చెప్పిండ్రు, నిజమే అనుకుంట."

అంతే, ఆ రోజుతో నాకు స్ప్లిట్ హొరైజన్ బట్టీ పట్టాల్సిన పని లేకుండా పోయింది. దాని రూలు ఇంతే: ఎవరి దగ్గర విన్నావో వాడికే తిప్పి చెప్పకు. దానికే ఇంకో రూపమైన పాయిజన్ రివర్స్ అయితే తిప్పి చెబుతుంది గానీ, 16 అని, అంటే దారి లేదని చెబుతుంది. రిప్‌లో 15 హాప్‌లు (రౌటర్ నుంచి రౌటర్‌కు గెంతులు) దాటితే దారి లేనట్టే, అందుకే ఆ లెక్కింపు ఎక్కడో ఒకచోట ఆగుతుంది. 30 సెకన్లకోసారి టేబుల్ పంపుకుంటూ అక్కడిదాకా ఎక్కాలంటే ఎంతసేపో వేసి చూడండి, ట్రిగర్డ్ అప్‌డేట్ (మార్పు రాగానే ఆగకుండా చెప్పేయడం) ఎందుకు పెట్టారో తెలుస్తుంది.

మూడు రౌటర్లు త్రికోణంలో ఉంటే స్ప్లిట్ హొరైజన్ ఒక్కటే చాలదు. పుకారు మూడో మనిషి ద్వారా తిరిగొస్తుంది. ఇది ఒకసారి చేత్తో గీయండి, వీడియో చూసి తల ఊపితే రాదు. ఇంటర్నెట్‌కు ముందున్న అర్పానెట్ నెట్‌వర్క్ 1979లో డిస్టెన్స్ వెక్టర్ వదిలి, ప్రతి రౌటర్ దగ్గరా మొత్తం మ్యాపు ఉండే లింక్ స్టేట్‌కు మారింది. మనకేమో సిలబస్‌లో రెండూ ఉన్నాయి.

మిగతా సబ్జెక్టులు అందరిలాగే. పాత పేపర్లు రెండుసార్లు, మాథ్స్ రోజూ గంట, ఫోన్ హాస్టల్ రూంలోనే. ఉద్యోగం వదిలి ఏడాది కూర్చోవడం పిచ్చి అన్నవాళ్లు ఉన్నారు. సాయంత్రం ఏడింటికి అలసిపోయి వచ్చి సబ్‌నెట్టింగ్ (నెట్‌వర్క్‌ను ముక్కలు చేసే) లెక్కలు చేసి చూడమనండి, ఆ తర్వాత మాట్లాడదాం. లైబ్రరీ తెరిచేసరికి గేటు దగ్గరుంటే కిటికీ పక్క సీటు దొరుకుతుంది, నా క్రమశిక్షణ అంతా ఆ సీటు కోసమే.

నోట్సు ఫొటోలు మాత్రం అడగొద్దు. నా రాత నాకే అర్థం కాదు, పైగా రౌటింగ్ పేజీ మీద అన్న టీ ఒలికింది.