క పలికే చోటు

మా మనవడికి నాలుగున్నరేళ్లు. క రావలసిన చోట త వస్తుంది, గ రావలసిన చోట ద వస్తుంది. కుక్క ‘తుత్త’, గుడి ‘దుడి’. విశాఖలోని మా ఎంవీపీ కాలనీ మేడ మీద నుంచి కనిపించే కైలాసగిరి కొండ వాడి నోట ‘తైలాసదిరి తొండ’. ఇంట్లో వాళ్లం కనుక అన్నీ అర్థం చేసుకుంటాం. ఒక్క మాట దగ్గర మాత్రం అందరికీ మనసు చివుక్కుమంటుంది. వాడు తన అక్కను ‘అత్తా’ అని పిలుస్తాడు. దానికి తొమ్మిదేళ్లు. కింద ఆడుకునే పిల్లలు ‘అత్తగారూ’ అని ఏడిపిస్తే మొదట్లో ఏడ్చుకుంటూ పైకి వచ్చేది. ఇప్పుడు ఏడవడం లేదు కానీ వాడిని వెంట తీసుకువెళ్లడం తగ్గించింది. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది.

ఈ రోజు శనివారం. బడులకు వేసవి సెలవులు. అమ్మాయి, అల్లుడు ఆఫీసులకు వెళ్లిపోయారు. పొద్దున ఏడింటికే ఉక్కపోత మొదలైంది, చొక్కా వీపుకు అంటుకుపోతోంది.

పళ్లు తోమే వేళకే మా పని మొదలవుతుంది. మెత్తని బ్రష్షు తడిపి ముందు పై పెదవి, తర్వాత కింది పెదవి, నాలుక కొస, నాలుక పక్కలు, పై పళ్ల వెనక ఉన్న చిగుళ్ల గట్టు, ఇలా ఒక్కొక్క చోటే తాకిస్తాను. తాకిన చోటు పేరు చెబుతాను. తర్వాత వాడు కళ్లు మూసుకుంటాడు. నేను తాకిన చోటు ఏదో వాడు చెప్పాలి, లేదా నా ముఖం మీద వేలు పెట్టి చూపాలి. నాలుక మధ్య భాగం దాటి లోపలికి వెళ్లను. ఓకరింపు వచ్చిందంటే ఆ రోజంతా నోరు తెరవడు. ఈ రోజు తన వంతు కూడా కావాలన్నాడు. బ్రష్షు నా చేతిలోంచి లాక్కుని నా కింది పెదవి మీద పెట్టి, “ఇత్తడ?” అని అడిగాడు. కింది పెదవి అన్నాను. నాలుక కొస మీద పెట్టి మళ్లీ “ఇత్తడ?” అన్నాడు. “ఇక్కడా? ఇక్కడ నాలుక కొస” అన్నాను, ‘క్క’ దగ్గర కాస్త ఆగి. తప్పు అని వాడితో అనలేదు, మళ్లీ చెప్పమని అడగలేదు. సరైన మాట వాడి చెవిన పడితే చాలని, రోజంతా సవరిస్తూ కూర్చుంటే పిల్లవాడు మాట్లాడడమే తగ్గిస్తాడని వాడికి ఉచ్చారణ నేర్పే స్పీచ్ థెరపిస్టు మొదటి రోజే గట్టిగా చెప్పారు.

ఆమె దగ్గరకు వెళ్లే ముందు పెదవాల్తేరులోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చేయించాం. మాట తేడాగా ఉన్న ఏ పిల్లవాడికైనా మొదట చేయించవలసింది అదే. చెవులు బాగున్నాయన్నారు. ఆ తర్వాతే థెరపిస్టును వెతికాం. భారత పునరావాస మండలిలో ఆమె పేరు నమోదై ఉందో లేదో అడిగి చూసుకున్నాం. 1992 నాటి చట్టం ఆ నమోదును తప్పనిసరి చేసింది. బోర్డు పెట్టిన ప్రతివారికీ ఆ నమోదు ఉంటుందనుకుంటే పొరపాటు.

నాలుగో ఏడు దాటేసరికి చాలామంది పిల్లలకు క, గ వచ్చేస్తాయి. మావాడికి రాలేదు. బద్ధకం కాదు, మొండితనం అంతకన్నా కాదు. పోర్టులో ఉద్యోగం చేసినంత కాలం నేను చూసిందే ఇక్కడా చూస్తున్నాను. సముద్రాలు దాటి వచ్చిన కెప్టెన్ అయినా డాల్ఫిన్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలువలోంచి లోపలి రేవుకు రావాలంటే ఓడకు దారి చూపే ఇక్కడి పైలట్‌ను ఎక్కించుకోవలసిందే. ఆయనకు ఓడ నడపడం రాక కాదు, ఈ దారి కొత్త. వాడి నాలుకకూ బలం ఉంది, అన్నం నములుతుంది, ఐస్‌క్రీం నాకుతుంది. వెనక భాగాన్ని పైకి లేపే దారి మాత్రం దానికి తెలియలేదు.

ఆ దారి చూపడంలో అద్దం కొంతవరకే పనికొస్తుంది. ప, బ, మ పెదవుల మీద పుడతాయి కనుక అద్దంలో చూసి నేర్చుకోవచ్చు. త అనేటప్పుడు నాలుక కొస పళ్లను తాకడమూ కనిపిస్తుంది. క మాత్రం లోపల చీకట్లో పుడుతుంది. నాలుక వెనక భాగం మెత్తని అంగిలిని తాకి, గాలిని ఒక్క క్షణం ఆపి వదిలితే క వస్తుంది. ఎదుట నిలబడి చూసే పిల్లవాడికి ఇందులో ఏదీ కనిపించదు. కనిపించని చోటును తాకిడితోనే తెలియజెప్పాలి. నోటి ఎరుక అని థెరపిస్టు అనేది దీన్నే. నోట్లో ఏ భాగం ఎక్కడుందో, ఇప్పుడది ఏం చేస్తోందో వాడికి తెలియాలి.

క చ ట త ప అని మనం చిన్నప్పుడు వల్లించిన వరుస గొంతు దగ్గర మొదలై పెదవుల దగ్గర ముగుస్తుంది. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు. వేదాంగాల్లో ఒకటైన శిక్ష ఉన్నదే ఉచ్చారణ కోసం. నోటి లోపలి చోట్లను ఇంత ఓపికగా గుర్తించి అక్షరాలను ఆ వరుసలో పేర్చిన వాళ్లకు నేను ఇప్పుడు రోజూ మనసులో దండం పెట్టుకుంటున్నాను. వాడు ఇంట్లో పిలిచే చుట్టరికాలు చూడండి: అమ్మ, నాన్న, తాత, మామ, అత్త. అన్నీ నోటి ముందు భాగంలోనే పలికేవి. అక్క ఒక్కటే వెనక్కి వెళ్లాలి. నన్ను వాడు ‘తాతా’ అని ఎంత చక్కగా పిలుస్తాడో! అంత చక్కగానూ దాన్ని పిలవాలని నా కోరిక.

తొమ్మిదింటికి ఎదురింటి వేపచెట్టు మీద కోయిల అందుకుంది. ఇది మాకు కలిసివచ్చే సంగతి. ఊ, ఓ పలికేటప్పుడు నాలుక ముందే వెనక్కి జరిగి ఉంటుంది కనుక కూ, కో అనడం కి, కే అనడం కంటే తేలిక. అందుకే థెరపిస్టు మాకు కాకితో కాక కోయిలతో మొదలుపెట్టించారు. వాడు బాల్కనీ కమ్మీలు పట్టుకుని, నాలుక కొసను కింది పళ్ల వెనక దాచి, దవడ కింద రెండు వేళ్లు ఆనించి “కూ” అన్నాడు. అచ్చమైన క! కోయిల మళ్లీ కూసింది, వీడూ మళ్లీ కూశాడు. అంతలో పిట్టగోడ మీద కాకి వాలింది. “తాతా, తాతి!” అన్నాడు. ఒక శబ్దం ఒక చోట వచ్చినంత మాత్రాన అన్ని మాటల్లోకీ వచ్చేయదు. తెలిసిన సంగతే అయినా ప్రాణం ఉసూరుమంటుంది.

మధ్యాహ్నం రాజాం నుంచి మా అక్కయ్య ఫోను చేసింది. “తమ్ముడూ, వస కొమ్ము అరగదీసి వాడి నాలుకకు రాయండిరా, మనందరికీ అమ్మ అదే కదా పోసింది” అంది. ప్రేమతో చెప్పిన మాట, తీసిపారేయలేను. కానీ వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. అది ఒంటికి మంచిది కాదనే అమెరికాలో 1968లో వసను ఆహార పదార్థాల్లో వాడకుండా నిషేధించారు. పైగా వాడికి మాటలకు కొదవ లేదు, రోజంతా మాట్లాడుతూనే ఉంటాడు. రానిది ఒక చోటు. ఇదంతా నిదానంగా చెప్పాను. “అయితే నాలుక కింద తీగ కోయించండి” అంది. డాక్టరు చూశారని, నాలుక పెదవులు దాటి బయటికి వస్తోందని, అసలు క పలకడానికి నాలుక కొసతో పనే లేదని చెప్పాను. “సరే, మీకు తెలిసినట్టు చేయండి, వాడిని మాత్రం కసరకండి” అని పెట్టేసింది. ఆ చివరి మాట బంగారం.

సలహాలు ఇచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈలలు ఊదించమంటారు, గొట్టంతో నీళ్లు తాగించమంటారు, బూరలు ఊదిస్తే నాలుకకు బలం వస్తుందంటారు. వాడికి సరదా అయితే ఊదనివ్వండి, నష్టం లేదు. కానీ మాటతో సంబంధం లేని నోటి వ్యాయామాల వల్ల మాట బాగుపడుతుందనడానికి గట్టి ఆధారాలు లేవని 2009లో అమెరికా వాక్కు, భాషా, శ్రవణ నిపుణుల సంఘం చేయించిన సమీక్ష తేల్చింది. ఊదడం నేర్చిన నోరు ఊదడమే నేర్చుకుంటుంది. మేము బ్రష్షుతో తాకే ప్రతి తాకిడి వెనకా వెంటనే ఒక శబ్దం, ఆ శబ్దం వెనక ఒక మాట ఉండేలా చూసుకుంటాం. అదీ ఐదు నిమిషాలే. వాడు చాలంటే చాలు.

భోజనాలయ్యాక తాటి ముంజలు తీశాం. ఫ్రిజ్‌లో పెట్టిన ముంజను మా ఆవిడ చిన్న చిన్న ముక్కలుగా కోసి ఇచ్చింది. చల్లగా, జారుడుగా ఉండే ముంజ నోట్లో ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది. వాడు మింగేసిన తర్వాత, “ఇప్పుడు ఎక్కడ చల్లగా ఉంది?” అని అడిగాను. వాడు కాసేపు ఆలోచించి గొంతు మీద వేలు పెట్టాడు. “అదే చోటు” అన్నాను.

అప్పుడు మనవరాలు లోపలి గదిలోంచి తన రంగుపెన్సిళ్లతో వేసిన బొమ్మల అట్టలు తెచ్చింది. ఎవరూ అడగలేదు. ఒక అట్ట మీద కోట, ఇంకో అట్ట మీద తోట. కొండ, తొండ. కల, తల; కలకు నిద్రపోతున్న పిల్లవాడిని, వాడి తల పైన మబ్బులో విమానాన్ని వేసింది. పోయినసారి థెరపిస్టు దగ్గర ఇలాంటి జంటలు చూసి గుర్తుపెట్టుకుందట. ఆట ఏమిటంటే, వాడు ఏది అడిగితే అది ఇచ్చేయాలి.

“తోట తావాలి” అన్నాడు వాడు. అది తోట అట్ట ఇచ్చింది. వాడికి కోపం వచ్చింది. “తోట తాదు! తోట!” అని అట్ట విసిరేశాడు. ఇక్కడే నాకు గుండె కలుక్కుమంటుంది. రెండు మాటలూ వేరని వాడికి స్పష్టంగా తెలుసు. వాడి చెవికి తెలుసు, మనసుకు తెలుసు. తను కోట అనే అన్నానని వాడి నమ్మకం.

అక్క విసుక్కోలేదు. చల్లని గచ్చు మీద వాడిని వెల్లకిలా పడుకోబెట్టింది. పడుకుంటే నాలుక దానంతట అదే కొద్దిగా వెనక్కి జారుతుంది. “నోరు తెరువు, ఆ అను” అని నా ఫోను టార్చి వేసి చూసింది. కడిగిన స్టీలు చెంచా వెనక వైపుతో నాలుక కొసను మెల్లగా కింది పళ్ల దగ్గర ఆపి, రెండో చేత్తో తన గొంతు చూపిస్తూ, “ఇప్పుడు అను” అంది. నేను పక్కనే కూర్చుని చెంచా లోపలికి పోకుండా చూస్తున్నాను. మొదట నవ్వు వచ్చింది వాడికి, చెంచా అంతా ఉమ్మి. తర్వాత ఒక గరుకు శబ్దం, గొంతు సవరించుకున్నట్టు. దాని వెనకే “ఓట”. మధ్యలో ఎడం ఉంది, గాలి ఎక్కువైంది. అయినా అది త కాదు. మనవరాలు ఏమీ మాట్లాడకుండా కోట అట్ట వాడి పొట్ట మీద పెట్టింది. వాడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు అలాగే పడుకున్నాడు.

సాయంత్రం ఎండ తగ్గాక ఆర్కే బీచ్‌కు బయలుదేరాం. కింది వాటాలో ఉండే మనవరాలి స్నేహితురాలు కూడా వస్తానంది. మనవరాలు తమ్ముడి చెయ్యి పట్టుకుని ముందు నడిచింది. ఈ మధ్య అలా పట్టుకోలేదు. దారిలో వాడు “అత్తా, అత్తా” అంటూనే ఉన్నాడు. స్నేహితురాలు నవ్వబోయింది. “వాడికి క చోటు ఇంకా పూర్తిగా దొరకలేదు, దొరుకుతోంది” అంది మనవరాలు, లెక్క చెప్పినంత మామూలుగా. ఆ పిల్ల “ఎక్కడుంటుంది?” అని అడిగింది. ముగ్గురూ దవడల కింద వేళ్లు పెట్టుకుని క, క, గ, గ అంటూ నడిచారు. వాడిది త, త, ద, ద. అయినా వేలు మాత్రం సరైన చోటే ఉంది.

బీచ్‌లో వాడికి కావలసింది ఒక్కటే, జలాంతర్గామి. కురుసుర 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించుకుని, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. నల్లటి ఆ పొడుగు ఒళ్లు చూస్తే వాడికి ఒళ్లు తెలియదు. కు తో మొదలయ్యే పేరు కావడం మా అదృష్టం. మరమరాలతో కలిపే మురీ మిక్చర్ కొనుక్కుని గట్టు మీద కూర్చున్నాం. పల్లీలు ఏరేసి మిగతాది వాడికి ఇచ్చాను, ఈ వయసులో పల్లీలు గొంతుకు అడ్డుపడతాయని భయం. పేరు ఏమిటని స్నేహితురాలు అడిగింది. వాడు వేలు గొంతు దగ్గర పెట్టుకుని, ఆగి, “కు…” అన్నాడు. కోయిల కూతే అది. తర్వాత గబగబా “తురుసుర” అని మొత్తం చెప్పేశాడు. అడిగిన పిల్లకు అర్థమైంది. “కురుసురా?” అంది. వాడు తల ఊపి ఇంకో గుప్పెడు మురీలు తీసుకున్నాడు.

రాత్రి అమ్మాయి వచ్చాక అంతా చెప్పాను. సోమవారం థెరపిస్టును అడగడానికి రెండు విషయాలు ఆమె పుస్తకంలో రాసుకుంది. గరుకుగా, గాలి ఎక్కువై వచ్చే ఆ క ను ఇప్పటికి మెచ్చుకోవచ్చా, లేక మెత్తబడే దాకా ఆగాలా? ‘అక్క’లో ‘క్క’ మీద కాసేపు ఆగే వీలుంది కదా, ‘కాకి’ కంటే ముందు దాన్ని పట్టుకోవచ్చా? రెండో ప్రశ్న నాది కాదు, మనవరాలిది.